భూగర్భ జలం పెరిగిందా, తరిగిందా? తరచుగా అడిగే ప్రశ్నలు

బావుల లోతు కొలిచే పని మీద టేపు పట్టుకుని ఊళ్ళు తిరిగిన రోజుల్లో, ఆ తర్వాత ఆ లెక్కల మధ్య కూర్చున్న రోజుల్లో నన్ను ఎక్కువమంది అడిగినవి ఈ ప్రశ్నలే. కొన్నింటికి పొడుగ్గా, కొన్నింటికి పొట్టిగా జవాబు చెప్పాను. ఎక్కువగా తెలంగాణ, రాయలసీమ బండ నేలల గురించే మాట్లాడాను. డెల్టా వాళ్ళ ప్రశ్న ఒకటి చివర్లో ఉంది.

"జిల్లాలో భూగర్భ జలాలు సగటున 2 మీటర్లు పెరిగాయి" అని పేపర్లో వేస్తారు. అంటే ఏమిటి?

జిల్లాలో ఎంపిక చేసిన పరిశీలక బావుల్లో, నేల మీది నుంచి నీటి దాకా ఉన్న లోతు పోయినసారి కంటే సగటున 2 మీటర్లు తగ్గిందని అర్థం. ముందు "పోయినసారి" అంటే ఎప్పుడో చూడండి. మే నెలతో పోలిస్తే నవంబరులో నీళ్ళు పైకి రావడం వింతేమీ కాదు, అది ఏటా జరిగేదే. పోయిన నవంబరుతో ఈ నవంబరును పోల్చి ఉంటే అది కొంచెం పనికొచ్చే కబురు. వార్తలో ఈ ముక్క సగంసార్లు ఉండదు. అది లేని వార్తను నేనైతే పక్కన పెట్టేస్తాను.

నీటి మట్టం, నీటి నిల్వ ఒకటే కదా?

కాదు. చాలా తప్పులు ఇక్కడే మొదలవుతాయి.

చెరువులో ఒక మీటరు లోతు నీళ్ళుంటే ఆ మీటరంతా నీళ్ళే. భూమిలో ఒక మీటరు మట్టం పెరిగితే ఆ మీటరులో అధికభాగం రాయి, మట్టి. నీళ్ళు వాటి సందుల్లో ఉంటాయి. అందులోనూ కొంత రాతిని అంటిపెట్టుకునే ఉంటుంది, మోటారుకు అందదు. తోడితే బయటికి వచ్చే వంతును శాస్త్రజ్ఞులు విశిష్ట దిగుబడి అంటారు. కేంద్ర భూజల అంచనా పద్ధతిలో ఇసుక పాళ్ళు ఎక్కువున్న ఒండ్రు నేలకు ఇది 16 శాతం. బాగా శిథిలమైన, బంకమన్ను తక్కువున్న గ్రానైటుకు 3 శాతం, బంకమన్ను ఎక్కువైతే 1.5 శాతం. పగుళ్ళు లేని గట్టి బండకు అర శాతం కూడా లేదు.

ఒక ఊరి లెక్క వేసి చూద్దాం. ఊరి విస్తీర్ణం వెయ్యి హెక్టార్లు, అంటే దాదాపు 2,470 ఎకరాలు. వానాకాలంలో మట్టం 5 మీటర్లు పెరిగింది. ఊరంతా సంబరం. దిగుబడి 1.5 శాతం అనుకుంటే భూమిలో చేరిన నీరు ఏడున్నర లక్షల ఘనపు మీటర్లు. యాసంగి వరికి ఎకరానికి 1,200 మిల్లీమీటర్ల నీరు పెడితే 4,850 ఘనపు మీటర్లకు పైగా అవుతుంది. భాగిస్తే 155 ఎకరాలు కూడా రాదు! మడిలో పెట్టిన నీటిలో కొంత మళ్ళీ కిందికి దిగుతుంది కాబట్టి దాన్నీ కలిపితే 240 ఎకరాలనుకోండి. ఊరి భూమిలో పదో వంతు లోపే. ఇదే 5 మీటర్లు గోదావరి ఒడ్డు ఇసుక నేలలో పెరిగి ఉంటే చేరిన నీరు పది రెట్లు మించి ఉండేది.

అందుకే రెండు జిల్లాల మట్టాలను పక్కపక్కన పెట్టి "వాళ్ళకు 5 మీటర్లు పెరిగింది, మాకు అర మీటరే" అని బాధపడటంలో అర్థం లేదు. బండ నేలలో మట్టం ఎగిరెగిరి పడుతుంది, ఒండ్రు నేలలో నిమ్మళంగా కదులుతుంది.

ఆ శాతం మా ఊరికి ఎంతో ఎలా తెలుస్తుంది?

పుస్తకంలోని అంకె మొదటి అంచనాకు పనికొస్తుంది. నిజం తెలియాలంటే నేలనే అడగాలి. హైదరాబాదు పక్కన మహేశ్వరంలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవాళ్ళు ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి చేసిన పని నాకు ఎప్పటికీ ఇష్టమే. యాభై చదరపు కిలోమీటర్ల పైచిలుకు పరీవాహకంలో వాళ్ళు ఎండాకాలాన్ని ఒక త్రాసులా వాడుకున్నారు. వాన లేదు కాబట్టి పైనుంచి వచ్చి చేరేది పెద్దగా లేదు. మట్టం పడుతోందంటే మోటార్లే కారణం. ఎన్ని బోర్లున్నాయి, ఎన్ని గంటలు పోస్తున్నాయి, మళ్ళల్లోంచి ఎంత తిరిగి దిగుతోంది అని లెక్కకడితే నికరంగా ఎంత నీరు పోయిందో తెలిసింది. ఎంత మందం పొర ఖాళీ అయిందో బావులు చెప్పాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే దిగుబడి వచ్చింది: 1.4 శాతం. ఆ అంకెతో వానాకాలపు పెరుగుదలను గుణిస్తే ఎంత నీరు ఇంకిందో తెలిసిపోయింది. 2006లో అచ్చయిన పని ఇది. ఇందులో ఖరీదైన యంత్రాలేమీ లేవు, ఓపికగా బోర్లు లెక్కపెట్టడమే.

పై నీళ్ళు అయిపోతే ఇంకా లోతుకు వేస్తే దొరుకుతాయి కదా?

గ్రానైటు ప్రాంతంలో మీ కింద ఉన్నది సొరంగమో, పారే నదో కాదు. పైన పదిపదిహేను మీటర్లు కుళ్ళిన రాయి, మన భాషలో మొరం. దాని కింద మరికొన్ని మీటర్లు పగుళ్ళు వారిన బండ. ఆ కింద గట్టి బండ, అక్కడక్కడా ఒక చీలిక. ఎక్కువ నీరు మొదటి రెండు పొరల్లోనే ఉంటుంది. ఎనిమిది వందల అడుగుల దగ్గర నీళ్ళు పడ్డ బోర్లు లేవని కాదు. పడితే ఊరంతా చెప్పుకుంటారు, పడనివాటి గురించి చెప్పుకునేది అప్పులిచ్చినవాళ్ళే.

దీన్నొక గరాటు అనుకోండి. పైన వెడల్పు, దిగేకొద్దీ ఇరుకు. నిండుగా ఉన్నప్పుడు బిందెడు తీస్తే మట్టం వేలెడు దిగుతుంది. అడుగున ఉన్నప్పుడు అదే బిందెడు తీస్తే జానెడు దిగుతుంది. నెలనెలా తోడేది అంతే ఉన్నా ఫిబ్రవరి వరకు నెమ్మదిగా దిగిన మట్టం మార్చి నుంచి జారిపోయినట్టు పడటానికి కారణం ఇదే. మట్టం పడే వేగం పెరిగిందంటే వాడకం పెరిగిందనే అనుకోనక్కర్లేదు, గరాటు ఇరుకులోకి వచ్చి ఉండొచ్చు.

ఏడాదిలో ఎప్పుడు కొలుస్తారు?

కేంద్ర భూగర్భ జల మండలి తన పరిశీలక బావులను ఏడాదిలో నాలుగుసార్లు కొలుస్తుంది: వానలకు ముందు ఎండాకాలంలో, ఆగస్టులో, నవంబరులో, జనవరిలో. రాష్ట్ర భూగర్భ జల శాఖలు పీజోమీటర్లలో, అంటే కొలవడానికే వేసిన బోర్లలో, నెలనెలా కొలుస్తాయి. తనంతట తానే మట్టం రాసుకుని కబురు పంపే యంత్రాలు అమర్చినచోట రోజులో ఎన్నోసార్లు అంకె వస్తుంది.

ఒక్క చిక్కు. "వానల తర్వాత" అనే మాట అందరికీ ఒకటి కాదు. ఆదిలాబాదులో, కరీంనగర్‌లో నైరుతి వానలే ప్రధానం కాబట్టి ఉత్తర, హస్త కార్తెలు దాటేసరికి మట్టం శిఖరానికి వస్తుంది. నెల్లూరు, చిత్తూరు వైపు ఈశాన్య రుతుపవనాల మీద ఆశ. నెల్లూరులో నవంబరు మొదట్లో కొలిస్తే రావలసిన వానలో పెద్ద వాటా ఇంకా రానేలేదు. అక్కడ జనవరి కొలతే అసలైన "తర్వాత". రాష్ట్రమంతటికీ నవంబరు సగటు ఒకటి తీసి చెప్పినప్పుడు ఈ తేడా అందులో కలిసిపోతుంది.

పీజోమీటరు ఎందుకు? మా బోరే కొలవచ్చు కదా?

కొలవచ్చు, కానీ మీ బోరు పోస్తూ ఉంటుంది. మోటారు నడుస్తున్నప్పుడు బోరు చుట్టూ నీరు గుంటలా కిందికి వంగుతుంది, ఆ అంకె భూమిది కాదు, మోటారుది. పీజోమీటరు అంటే నీళ్ళు తోడటానికి కాకుండా, మట్టం చూడటానికే వేసిన బోరు. ఈ బోర్లు, తమంతట తాము మట్టం రాసుకునే యంత్రాలు మన దగ్గర పెద్దఎత్తున వచ్చింది 1995లో మొదలైన హైడ్రాలజీ ప్రాజెక్టుతో.

వాడుకలో ఉన్న బోరే కొలవాలంటే తెల్లవారుజామున, మోటారుకు బాగా విశ్రాంతి దొరికాక కొలవాలి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక ఈ విశ్రాంతి దొరకడం కష్టమైంది. వెనకటికి కరెంటు పోయిన గంటలే మాకు కొలత గంటలు. ఆటో స్టార్టరున్న బోరు దగ్గర రైతును బతిమాలి మోటారు ఆపించి, చెట్టుకింద రెండు గంటలు కూర్చునేవాళ్ళం. ఒక పెద్దాయన "ఏం బిడ్డా, మా బావిల నీళ్ళు చూసుకుంట కూసున్నందుకు నీకు జీతమిస్తరా?" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు.

వాన బాగానే పడింది. మా బోరు ఎందుకు కోలుకోలేదు?

పడ్డ వానంతా బోరుకు రాదు. ముందు ఎండిన నేల తన దాహం తీర్చుకుంటుంది. తర్వాత పంట తాగుతుంది, ఎండ లాగుతుంది, వాగు పట్టుకుపోతుంది. బండ నేలల్లో కిందికి దిగేది పదో వంతు అటూ ఇటూ. రెండు రోజుల్లో కుండపోతగా పడ్డదాని కంటే పది రోజులు ముసురు పట్టిందే ఎక్కువ దిగుతుంది. ఏడాది మొత్తం వాన మామూలుగానే ఉన్నా నడుమ నెల రోజులు ఎండితే, ఆ నెలంతా మోటార్లు పోస్తాయి. 2023 ఆగస్టు దేశం మొత్తానికి 1901 నుంచి ఎన్నడూ లేనంత పొడి ఆగస్టు. వానాకాలం నడిమధ్యలో, నిండాల్సిన రోజుల్లో తోడకం మొదలైంది. మరుసటి యాసంగిలో తెలంగాణ బోర్లు ఎండటానికి బీజం అక్కడ పడింది.

దీర్ఘకాలంలో తగ్గుతోందని ఎలా తేలుస్తారు?

మే నుంచి మేకు చూడండి. వానాకాలం చివరి మట్టం ఆ ఏటి వానను చెబుతుంది. రోహిణి కార్తెనాటి మట్టం వానా, తోడకమూ రెండూ పోగా మిగిలిందెంతో చెబుతుంది. ఏటా మే మట్టాన్ని గీతపటం మీద గుర్తుపెడుతూ పోతే, కనీసం పదేళ్ళయ్యాక ఒక వాలు కనిపిస్తుంది. మూడేళ్ళతో ఏమీ చెప్పలేం. రెండు మంచి వానలు పడితే చాలు, ఏ ప్రభుత్వమైనా తన పథకం పుణ్యమేనని చెప్పుకోవచ్చు, ఏ ప్రతిపక్షమైనా రెండు కరువులు చూపించి తిట్టవచ్చు.

వాన ప్రభావాన్ని విడదీయడానికి ఒక మోటు పద్ధతి ఉంది. దాదాపు ఒకే వాన పడ్డ రెండు సంవత్సరాలను, పదేళ్ళ ఎడంలో, ఏరుకోండి. అదే వానకు మే మట్టం ఇప్పుడు ఎంత లోతున ఉంది? ఆ తేడా మన తోడకానిది, లేదా మన చెరువులది. గణాంకాల పద్ధతులు ఇంతకంటే నాజూకైనవి చాలా ఉన్నాయి గానీ, గ్రామసభలో చెప్పాలంటే ఇది సరిపోతుంది.

సగటు మట్టం పెరిగిందంటున్నారు, మా ఊళ్ళో బోర్లు మాత్రం ఎండిపోతున్నాయి. ఎవరి మాట నిజం?

రెండూ నిజం కావచ్చు. ఎలాగో చూడండి. పది బావులున్నాయి. ఏడింటిలో నీరు 10 మీటర్ల లోతున, మూడింటిలో 19 మీటర్ల లోతున ఉంది. సగటు 12.7. కొన్నేళ్ళకు ఏడూ 12 మీటర్లకు దిగాయి. 20 మీటర్ల లోతున్న ఆ మూడు బావులు పూర్తిగా ఎండిపోయాయి. ఎండిన బావిలో కొలవడానికి ఏముంది? పట్టికలో ఆ గడి ఖాళీ. మిగిలిన ఏడింటి సగటు 12. పది బావుల్లో ఒక్కదానిలోనైనా నీరు పెరగలేదు, మూడు చచ్చిపోయాయి. సగటు మాత్రం 70 సెంటీమీటర్లు మెరుగైంది!

ఇది నా ఊహాచిత్రమే కానీ జబ్బు నిజమైనది. దక్షిణ భారతంలో భూగర్భ జలం కోలుకుంటోందని బావుల లెక్కలు చెబుతుంటే రైతులు ఇంకా లోతుకు ఎందుకు తవ్వుతున్నారన్న ప్రశ్నను పట్టుకుని 2019లో ఒక పరిశోధన పత్రం వచ్చింది. ఎండిన బావులను లెక్కలోంచి వదిలేయడమే ఆ కోలుకోవడానికి ఒక ముఖ్య కారణమని అది తేల్చింది. బతికినవాళ్ళను మాత్రమే అడిగి ఊళ్ళో ఆరోగ్యం బాగుందని రాసుకోవడం లాంటిది.

అందుకే ఎవరైనా సగటు చెప్పగానే నేను అడిగేది ఒకటే: మొదటి ఏట ఎన్ని బావులు, చివరి ఏట ఎన్ని బావులు? ఎండిన బావి దగ్గర గడి ఖాళీగా వదలకుండా "ఎండింది, 20 మీటర్ల కంటే లోతే" అని రాస్తే చాలు, సగం అబద్ధం తగ్గుతుంది.

ఉపగ్రహాలతో భూగర్భ జలాన్ని తూస్తారట. నిజమా?

నిజమే, తూకమే అది. అమెరికా, జర్మనీ కలిసి 2002 మార్చిలో గ్రేస్ అనే జంట ఉపగ్రహాలను పంపాయి. దాదాపు 500 కిలోమీటర్ల ఎత్తున, ఒకదాని వెనక ఒకటి 220 కిలోమీటర్ల ఎడంలో తిరిగేవి. కింద బరువు ఎక్కువున్న చోటికి వచ్చేసరికి ముందుది కాస్త ముందుకు లాగబడుతుంది, వెనకది ఆ తర్వాత. వాటి నడుమ దూరంలో తేడాను తల వెంట్రుక మందంలో పదుల వంతు వరకు పసిగడతాయి. కొండలు నెలనెలా కదలవు. కాబట్టి నెలనెలా మారే బరువు ముఖ్యంగా నీటిదే. ఆ జంట 2017తో ఆగిపోయింది, 2018 మేలో వారసులు వెళ్ళాయి. నడుమ కొన్ని నెలల ఖాళీ ఉంది.

తూకంలో వచ్చేది మొత్తం నీరు: చెరువులు, జలాశయాలు, నేల తడి, భూగర్భం అన్నీ కలిపి. మిగతావాటిని వేరే లెక్కలతో తీసేస్తే మిగిలేది భూగర్భ జలం. తీసేసిన లెక్కల్లోని తప్పులన్నీ ఆ మిగులుకే చుట్టుకుంటాయి. పైగా దాని చూపు మసక. కొన్ని వందల కిలోమీటర్ల కంటే చిన్నది దానికి విడిగా కనబడదు. తెలంగాణ మొత్తం ఒక చుక్క, అంతే. కోస్తా మీద సముద్రపు బరువు కూడా కలగలుస్తుంది. "మా మండలంలో ఉపగ్రహం ఏమంటోంది?" అని అడిగితే ఏమీ అనట్లేదనే చెప్పాలి.

మసక చూపు అయినా పెద్ద సంగతులు పట్టుకుంది. రాజస్థాన్, పంజాబ్, హర్యానా, ఢిల్లీ కలిసిన ప్రాంతం 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు దాకా 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం పోగొట్టుకుందని 2009లో వచ్చిన అధ్యయనం చెప్పింది. మన లెక్కలో దాదాపు 3,850 టీఎంసీలు. ఇప్పటి పూర్తి నిల్వ లెక్కన పన్నెండు నాగార్జున సాగర్లు. అదీ వానలు మామూలుగా పడ్డ ఏళ్ళలో.

పంజాబులో ఏటేటా దిగుతూనే ఉంది, మా దగ్గర మళ్ళీ పైకి వస్తుంది. అంటే మేం బాగున్నట్టేనా?

వాళ్ళది లోతైన ఒండ్రు, పెద్ద ఖజానా. ఏళ్ళతరబడి ఖర్చుపెట్టినా అడుగు కనబడదు. మనది చేతిలో సంచి. ఒక మంచి వానకు నిండుతుంది, ఒక యాసంగికి ఖాళీ అవుతుంది. ఖాళీ సంచిలోంచి తోడలేం కాబట్టి మన గీతపటం దిగుతూ పోదు, అడుగు తగిలి ఆగుతుంది. గీత ఆగింది కదా అని నష్టం ఆగలేదు. అది ఎండిన బోర్లలో, కొత్త బోర్ల అప్పుల్లో, ఎండాకాలపు ట్యాంకర్లలో కనిపిస్తుంది. బండ నేలల్లో నీటి మట్టంతోపాటు ఎండిన బోర్ల సంఖ్యను కూడా ఏటా రాసిపెట్టాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

మా మండలం "సురక్షితం" అని ప్రకటించారు. మరి నీళ్ళెందుకు లేవు?

ఏటా చేరే నీటిలో వాడుకోదగ్గ భాగంలో ఎంత శాతం తోడుతున్నామో దాన్నిబట్టి ముద్ర వేస్తారు. 70 శాతం లోపు సురక్షితం, 90 దాకా పాక్షిక సంక్లిష్టం, 100 దాకా సంక్లిష్టం, ఆపైన అతి వినియోగం. ఈ అంచనా ఇప్పుడు ఏటా జరుగుతోంది. 2023లో దేశమంతటికీ వచ్చిన అంకె దాదాపు 59 శాతం. వినడానికి ఎంత నిమ్మళంగా ఉందో చూడండి! కాలువ కింది తడి, మెట్ట మీది కరువు ఒకే సగటులో కలిస్తే ఇలాగే ఉంటుంది. మీ మండలంలోనూ ఒక పక్క కాలువ, మరో పక్క గుట్టలు ఉంటే అదే జరుగుతుంది. పైగా అది ఏడాది మొత్తపు లెక్క, మే నెల లెక్క కాదు.

చెరువుల పూడిక తీయడం, ఎత్తిపోతల నీళ్ళు: వీటివల్ల నిజంగా పెరిగిందా?

2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన చెరువుల దగ్గర, కాలువ నీళ్ళు చేరిన చెరువుల కింద బావులు తేరుకోవడం కళ్ళారా చూశాను. కానీ ఎంత వాటా చెరువుది, ఎంత వాటా మంచి వానలది అనేది మే నుంచి మేకు చూసి, చెరువుకు దూరంగా ఉన్న బావులతో పోల్చి చెప్పాలి. చెరువు కింది రెండు బావులు చూపించి జిల్లా కోలుకుందనడం తొందరపాటు. కట్టమీద నిలబడి ఫొటో దిగితే కింద మట్టం కనబడదు.

కొబ్బరికాయతో, వేపపుల్లతో చూసేవాళ్ళ సంగతి?

ఊళ్ళో అందరి బోర్ల చరిత్రా గుర్తున్న మనిషి చూస్తే కాయ నిలబడినా పడుకున్నా ఆయన మాట కొంత పనికొస్తుంది. పని చేసేది కాయ కాదు, జ్ఞాపకం.

మా ఊరి లెక్క మేమే రాసుకోవచ్చా?

రాసుకోవచ్చు, రాసుకున్నారు కూడా. 2003 తర్వాత అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆరువందలకు పైగా ఊళ్ళలో రైతులే వానను, బావుల మట్టాన్ని కొలిచారు. నెదర్లాండ్స్ డబ్బు, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడు. వానాకాలం అయ్యాక అందరూ కూర్చుని భూమిలో ఎంత చేరింది, ఏ పంటకు ఎంత పోతుంది అని లెక్క వేసుకునేవారు. ఎవరి మీదా నిషేధం లేదు. లెక్క చూశాక వరి తగ్గించుకున్నవాళ్ళు తగ్గించుకున్నారు, లేనివాళ్ళు లేదు.

మీకు కావలసింది తక్కువే. నీళ్ళు తగలగానే కూత పెట్టే టేపు ఒకటి, నోటుబుక్కు ఒకటి, వానమాపకం ఒకటి. ఊరి నలుమూలలా ఎనిమిదో పదో బావులు ఎంచుకోండి: చెరువు కింద రెండు, గుట్ట పక్కన రెండు, ఎండిపోయినవి కూడా ఒకటి రెండు. కేసింగ్ పైపు నేల మీద ఎంత ఎత్తుందో మొదటిరోజే కొలిచి రాసుకుని ప్రతిసారీ కొలతలోంచి ఆ ఎత్తు తీసేయండి, లేకపోతే కొత్త పైపు బిగించిన రోజున మట్టం అడుగు దిగినట్టు కనిపిస్తుంది. నెలకోసారి, ఒకే తేదీన, తెల్లవారుజామున. ఎవరు కొలిచారో పేరు రాయండి, పక్కన మోటారు నడుస్తుంటే అదీ రాయండి.

మాది డెల్టా. ఇవేవీ మాకు వర్తించవా?

కొలిచే పద్ధతి అదే, చూడాల్సింది వేరు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో నీరు చేతికందే లోతులోనే ఉంటుంది, మట్టం పెద్దగా కదలదు. అక్కడ మట్టంతోపాటు ఉప్పదనం కొలవాలి. మట్టం అలాగే ఉండి, తియ్యటి నీటి జాగాలోకి ఉప్పునీరు వచ్చి చేరితే పట్టికలో ఏ మార్పూ కనబడదు, బిందెలో మాత్రం తెలుస్తుంది.

పాత లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

కేంద్ర జలశక్తి శాఖవారి ఇండియా డబ్ల్యూఆర్ఐఎస్ వెబ్‌సైటులో బావివారీగా మట్టాలు చూడవచ్చు. రెండు రాష్ట్రాల భూగర్భ జల శాఖలూ నెలవారీ నివేదికలు ఇస్తాయి. దించుకున్నాక గీత గీసే ముందు ఖాళీ గడులు ఎన్ని ఉన్నాయో, ఏ సంవత్సరం నుంచి మొదలయ్యాయో చూడండి. ఆ బావి ఉన్న ఊరికి ఒకసారి వెళ్ళి, పక్క చేలో ఉన్నవాళ్ళను అది ఎప్పుడు ఎండిందో అడగండి.